గాలి మిషను చప్పుడు

బేకరీ మేడ మీద గదిలో ఫోను మోగగానే కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. నేనే తీశాను.

అవతలి మనిషి మాట్లాడలేదు. గాలి వీస్తున్నట్టు ఒకటే చప్పుడు, ఎక్కడా ఆగకుండా. నా సెల్‌ఫోను రిసీవరుకి ఆనించి రికార్డు చేశాను. కాసేపటికి లైను తెగిపోయింది.

"అదే," అంది అమ్మాయి. "ఆయన గది బయట ఉండే గాలి మిషను. లోపల మాటలు బయట కూర్చున్నవాళ్ళకి వినపడకుండా పెడతారు. ఆ చప్పుడు వింటే నాకు కాళ్ళు ఆడవు ఆంటీ."

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని ఆమెది. తల్లి పోయాక నిద్ర పట్టక, తిండి సయించక ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్ళింది. పెద్ద పేరున్నవాడు. ఏడవడానికి అక్కడ ఒక చోటు దొరికిందనుకుంది. ఆ ఏడుపునే ఆసరా చేసుకుని ఆయన ఆమెని లొంగదీసుకున్నాడు. రేపు పొద్దున వైద్యుల కౌన్సిలు ముందు ఆమె నోరు విప్పి చెబితే అతని లైసెన్సు పోతుంది, కేసు కోర్టుకి ఎక్కుతుంది. చెప్పకపోతే ఏమీ జరగదు. ఇంతకుముందు ఇద్దరు ఆడవాళ్ళు అతని మీద ఫిర్యాదు ఇచ్చారు. ఇద్దరూ విచారణకి ముందురోజే వెనక్కి తీసుకున్నారు. ఎందుకని అడిగితే ఒకామె తలుపు తియ్యలేదు. రెండో ఆమె తలుపు తీసి, నన్ను చూసి, మళ్ళీ వేసేసింది.

అందుకే ఈ అమ్మాయిని దాచాను. మొదట బడి పక్కన ఒక ఇంట్లో. అక్కడికీ ఈ గాలి చప్పుడు ఫోను వచ్చింది. ఆ మర్నాడే ఇక్కడికి మార్చాను.

"ఇక్కడున్నావని ఎవరికి చెప్పావు?" అన్నాను.

"ఎవరికీ చెప్పలేదు."

"బడి పక్కనున్నప్పుడూ ఇదే అన్నావు."

"మీరు చెప్పొద్దన్నారు, నేను చెప్పలేదు. అక్క మీద ఒట్టు."

"నా మీదెందుకే ఒట్టు? నీ మీద పెట్టుకో," అంది వాళ్ళక్క, మంచం మీద బట్టలు మడతపెడుతూ. నన్ను పనిలోకి పెట్టుకున్నది ఈ అక్కే. "షాపువాళ్ళకి జ్వరమని నేనే చెప్పాను మేడమ్. ఇంట్లో మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆయనకి చెబితే మైకులో చెప్పినట్టే."

"కొత్త డాక్టరమ్మకి?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఇప్పుడామె ఒక ఆడ థెరపిస్టు దగ్గరికి వెళుతోంది. వెళ్ళమని బతిమాలింది నేనే. "ఎక్కడున్నానో ఆవిడకీ చెప్పలేదు. నిద్ర పట్టట్లేదని మాత్రం అన్నాను. తెల్లవారకముందే కింద పిండి కలిపే మిషను మొదలవుతుంది కదా, మంచం అదురుతుందని చెప్పాను. అంతే."

"వాడి పేరు?"

"చెప్పలేదు. మొదటి డాక్టరు అనే అంటాను. మీరు నేర్పినట్టే."

ఆ జాగ్రత్త నాదే. విచారణ అయ్యేదాకా నిందితుడి పేరు బయటికి రాకూడదని కౌన్సిలు నియమం. అదీగాక ఆ వృత్తిలో ఉన్నవాళ్ళందరూ ఒకరికొకరు తెలుసు. పేరు ఒక్కరి చెవిన పడితే చాలు, సాయంత్రానికి అతని చెవికి చేరుతుందని నా భయం.

"నేను వచ్చేదాకా ఎవరొచ్చినా తలుపు తియ్యకు," అన్నాను లేస్తూ.

ఆమె ఏదో అనబోయింది. "ఏంటమ్మా?"

"ఏం లేదు ఆంటీ. మీరు వెళ్ళిరండి."

వీధిలోకి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే కిటికీలోంచి నాకు చెయ్యి ఊపుతోంది. అంతకుముందు ఎప్పుడూ ఊపలేదు. కిటికీలోంచి చెయ్యి ఊపేవాళ్ళని చూస్తే నాకు గుండె దడ. ఆపరేషనుకి తీసుకెళ్ళే ముందు మా ఆయన కూడా అలాగే ఊపాడు. వెనక్కి వెళ్ళి అడుగుదామా అని ఒక్క క్షణం ఆగాను. ఆటో వచ్చింది, ఎక్కేశాను.

*

కొత్త థెరపిస్టు గది ముందు వరండాలో అప్పటికే ఒక మనిషి కాలు మీద కాలేసుకుని పాత వారపత్రిక తిరగేస్తున్నాడు. మా మరిది.

"రా వదినా. నీకోసం కుర్చీ పట్టి ఉంచాను."

"కుర్చీలన్నీ ఖాళీయే కదా."

"ఫ్యాను కింద కుర్చీ ఇదొక్కటే." లేచి నాకిచ్చి, పక్క కుర్చీలో కూర్చున్నాడు. "మోకాలెలా ఉంది?"

"నా మోకాలు నీకెందుకు?"

"అన్నయ్య పోయేటప్పుడు నిన్ను చూసుకోమన్నాడు."

"చూసుకోమన్నాడు. వెంటపడమనలేదు."

మా ఆయనా, ఇతనూ, నేనూ కలిసి ఒకే ఆఫీసులో డిటెక్టివ్ పని చేశాం. ఆయన పోయాక ఏడాది తిరక్కుండానే విడిపోయాం. బండీ, డబ్బున్న క్లయింట్లూ ఇతని వాటాకి వచ్చారు. ఇనప బీరువా, ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళూ నా వాటాకి వచ్చారు. ఇప్పుడు అతను ఆ థెరపిస్టు తరఫు లాయరు దగ్గర పనిచేస్తున్నాడు.

"ఇక్కడ నీకేం పని?" అన్నాను.

"నీ సాక్షి ఈవిడ దగ్గరికి వస్తోందట. ఆ పిల్ల మనసు కుదురుగా లేదని ఈవిడ ఒక ముక్క చెబితే చాలని, మా క్లయింటు పేరు మాత్రం ఎత్తొద్దని మా లాయరు పంపాడు. ఈవిడేమో నోరు మెదపలేదు. బయట కూర్చోమంది. కూర్చున్నాను."

"సిగ్గులేదూ?"

"ఉద్యోగం వదినా. ఆయన కాయితాలు శుభ్రంగా ఉన్నాయి. ఆఖరి రోజున ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, ఇవాళ్టినుంచి నువ్వు నా పేషెంటువి కాదు అని చెప్పి మరీ పంపాడు. వైద్యం ముగిసిందని ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ తర్వాత జరిగింది ఇద్దరు పెద్దవాళ్ళ ఇష్టం."

"ఆ తర్వాతంటే ఎప్పుడు? ఆ వారంలోనే కదా."

"వారమైనా తర్వాతే కదా."

"నీ పన్ను సగం పీకి, నువ్విక నా పేషెంటువి కావు పొమ్మంటే నీ నొప్పి పోతుందా? తల్లి కోసం ఏడుస్తూ వచ్చిన పిల్ల. దాని గుండెలో ఏముందో, ఎక్కడ నొక్కితే ఒంగుతుందో అంతా వాడికి తెలుసు. ఆ తెలిసింది సంతకంతో మాసిపోతుందా?"

అతను పత్రిక మూశాడు. జవాబు లేనప్పుడు వాళ్ళన్నయ్య కూడా అలాగే చేతిలో ఉన్నది పక్కన పెట్టేవాడు.

"రేపు ఆ పిల్ల రాదు వదినా. నువ్వు అనవసరంగా బెంగ పెట్టుకోకు. తెల్లారకముందే కింద ఏదో మిషను మొదలవుతుందట, మంచం అదురుతుందట, కంటి మీద కునుకు లేదట. ఆ స్థితిలో సాక్ష్యం ఏం చెబుతుంది?"

నేను అతని వైపు తిరిగాను.

"ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

"మా క్లయింటు."

"ఆయనకెవరు చెప్పారు?"

అతను పత్రికని పక్క కుర్చీలో పెట్టాడు. "అడగలేదు."

"అడగకుండా ఉండడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది.

*

కొత్త థెరపిస్టుకి యాభై దాటి ఉంటాయి. నూలు చీర, తెల్లబడుతున్న జుట్టు, ఎదుటివాళ్ళు చెప్పేది ఆఖరిదాకా వినే మొహం. ఆమె తలుపు పక్కన కూడా నేల మీద గుండ్రటి గాలి మిషను ఉంది. కొత్తది, మెత్తగా ఊదుతోంది. తలుపు వేశాక మా మరిది దగ్గు కూడా లోపలికి వినపడలేదు.

"మీరెవరో నాకు తెలుసు," అందామె. "కానీ ఎవరైనా నా పేషెంటు అవునో కాదో కూడా నేను చెప్పకూడదు."

"చెప్పొద్దు. గది చూడనివ్వండి చాలు. ఈ గదిలోంచి మాటలు బయటికి పోతున్నాయి."

ఆమె పక్కకి జరిగి నాకు దారిచ్చింది.

బల్ల కింద చెయ్యి పెట్టి తడిమాను. టెలిఫోను విప్పి చూశాను. దీపం అడుగున, కుర్చీల కింద, కిటికీ రెక్కల సందుల్లో వెతికాను. ఏ వైరూ లేదు, వినే పరికరమూ లేదు. పేషెంట్లు ఒకరినొకరు చూసుకోకుండా వెనక నుంచి వెళ్ళడానికి ఇంకో తలుపుంది. దానికి లోపలినుంచే గడియ. అవతల మెట్లు, ఆ తర్వాత వీధి. చెవి ఆనించి వినడానికి పక్క గది కూడా లేదు. వెతకడం అయ్యేసరికి నాకు భయం ఇంకా పెరిగింది. గోడలు చెప్పకపోతే మనిషే చెప్పి ఉండాలి.

పేషెంటు కుర్చీలో కూర్చున్నాను. ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఇక్కడ విన్నది ఇంట్లో చెబుతారా?"

"మా ఆయన అడగడం మానేసి చాలా కాలమైంది."

"స్నేహితులకి? ఇక్కడ ఊడ్చే ఆమెకి?"

"మేడమ్, నేను ఎవ్వరికీ చెప్పను. నా పనికి ప్రాణం అదే."

అబద్ధం చెప్పేవాళ్ళు నా కళ్ళలోకి మరీ ఎక్కువగా చూస్తారు, లేదా అసలు చూడరు. ఆమె మామూలుగానే చూసింది. మధ్యలో ఒకటి రెండుసార్లు మాత్రం ఆమె చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయింది. నా వెనక గోడకి గడియారం ఉందని, పేషెంటుకి కనపడకుండా థెరపిస్టుకి మాత్రమే కనపడేలా పెట్టారని అప్పుడు అర్థమైంది.

ఇక దారి లేక సెల్‌ఫోను బయటికి తీశాను. "ఈ చప్పుడు ఎప్పుడైనా విన్నారా?"

గాలి వీస్తున్న చప్పుడు గదిలో నిండింది. ఆమె తల వంచి విని, చిన్నగా నవ్వింది. ఆ రోజంతటిలో నేను చూసిన నవ్వు అదొక్కటే.

"ఇది మీకెక్కడిది? మా గురువుగారి గది ముందు మిషను ఇది. మధ్యలో టిక్కుమంటోంది చూడండి, లోపల రెక్క విరిగింది. మార్చండి సార్ అంటే మార్చరు. ఇన్నేళ్ళుగా వింటున్నానేమో, ఆ టిక్కు వినపడితే నాకు పుట్టింటికి వచ్చినట్టుంటుంది."

నేను రికార్డు ఆపి ఫోనుని ఒళ్ళో పెట్టుకున్నాను.

"గురువుగారంటే?"

"మా వృత్తిలో ఎంత అనుభవం ఉన్నా, కష్టమైన కేసు వస్తే ఒక పెద్దకి చెప్పుకుని సలహా తీసుకుంటాం. ఒక్కళ్ళమే మోస్తే పొరపాట్లు చేస్తాం. పేరు చెప్పం, ఊరు చెప్పం, ఉద్యోగం మార్చి చెబుతాం. నేను ప్రతి వారం వెళతాను."

"ఇందాక ఎవ్వరికీ చెప్పనన్నారు."

"అది చెప్పడం కాదు మేడమ్. అడగడం."

"పిండి మిషనుకి మంచం అదురుతుందని కూడా అడిగారా?"

ఆమె చూపు మళ్ళీ గడియారం మీదికి పోయింది.

"బడి గంట సంగతి?"

"నిద్ర ఎందుకు చెడుతోందో చెప్పాలి కదా," అందామె. "కళ్ళజోళ్ళ పని అని చెప్పలేదు. గడియారాలు బాగుచేస్తుందని మార్చి చెప్పాను. మొదటి డాక్టరు ఎవరో నాకే తెలియదు, ఇక ఆయనకేం చెబుతాను?"

"మీ గురువుగారి పేరేంటి?"

చెప్పింది. రేపు కౌన్సిలు ముందు ఆ అమ్మాయి నోటితో చెప్పాల్సిన పేరు అదే.

నా మొహమే చెప్పి ఉంటుంది. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"కాదు," అంది. "పేషెంటుని తాకకూడదని నాకు నేర్పింది ఆయనే. వాళ్ళు ఏడుస్తుంటే చెయ్యి పట్టుకోవాలనిపిస్తుంది, పట్టుకోకూడదు, రుమాలు అందించి ఆగిపోవాలని ఆయనే చెప్పారు. ఆ అమ్మాయి కథ చెబుతుంటే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఎవడో దుర్మార్గుడు, మన వృత్తికే మచ్చ అన్నారు."

బడి గంట విని ఆ చుట్టుపక్కల ఇళ్ళు, పిండి మిషను అని విని మేడ ఉన్న బేకరీల ఫోను నంబర్లు వెతికి ఉంటాడు. అతనికి పెద్ద కష్టమేమీ కాలేదు. పేరు చెప్పొద్దని ఆ పిల్ల నోరు కట్టేసింది నేను. ఒక్కసారి పేరు చెప్పి ఉంటే ఈమె అతని గడప తొక్కేది కాదు. కానీ దానికి ఏడవడానికి అది సమయం కాదు.

"ఆఖరిసారి ఎప్పుడు వెళ్ళారు?"

"నిన్న."

"ఏం సలహా ఇచ్చాడు?"

ఆమె చేతులు చీర కుచ్చిళ్ళని నలుపుతున్నాయి. "రేపు ఆమె ఎవరి ముందో మాట్లాడాలని, ధైర్యం చాలడం లేదని చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. తల్లికి వీడ్కోలు చెప్పకుండా ఎవరినైనా ఎదిరించడం ఆమె వల్ల కాదు అన్నారు. తల్లి ఆస్పత్రికని పడవెక్కి ఏరు దాటి వెళ్ళింది, తిరిగి రాలేదు. రేవులో ఏదో మాటా మాటా వచ్చి ఈ పిల్ల ఆ రోజు చెయ్యి ఊపలేదు. అదే దాని బాధంతా. అందుకని..."

"అందుకని?"

"ముందురోజు సాయంత్రం ఒక్కతే ఆ రేవుకి వెళ్ళి, తల్లికి చెయ్యి ఊపి రమ్మనమన్నారు. తోడు ఎవరూ ఉండకూడదు, ఫోను కూడా తీసుకెళ్ళకూడదు, అప్పుడే మనసు నిండా వీడ్కోలు చెప్పగలుగుతుంది అన్నారు. నాకు చాలా బాగుందనిపించింది. పొద్దున ఫోన్ చేసి చెప్పాను."

కిటికీలోంచి ఊపిన చెయ్యి నాకు గుర్తొచ్చింది.

"ఎన్నింటికి?"

"అయిదున్నరకి."

వెనక్కి తిరిగి గడియారం చూశాను. అయిదుంపావు దాటింది.

*

వాళ్ళక్కకి ఫోన్ చేశాను. మొదటి మోతకే తీసింది. "డాక్టరమ్మ చెప్పిన పనట మేడమ్, ఇప్పుడే వచ్చేస్తానంది. తోడు వస్తానంటే వద్దంది. ఫోను మంచం మీదే పెట్టి వెళ్ళింది. మీకు చెప్పే ఉంటుందనుకున్నాను. ఏమైంది మేడమ్?"

"బేకరీవాళ్ళని ఎవరినైనా తీసుకుని రేవుకి పరిగెత్తు. దారిలో కనపడితే పట్టుకుని ఆపెయ్యి."

తలుపు బార్లా తీసి, గాలి మిషను వైరు పీకేశాను. ఒక్కసారిగా వరండా నిశ్శబ్దమైంది. మా మరిది తలెత్తి నా మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమైంది వదినా?"

"ఈ సాయంత్రం నీకేం పని పెట్టాడు మీ క్లయింటు?"

"అది నేను చెప్పకూడదు."

"పడవల రేవా?"

అతని చెయ్యి తెలియకుండానే భుజానికి వేలాడుతున్న కెమెరా సంచి మీదికి వెళ్ళింది. నేను రెండు మాటల్లో చెప్పాను. థెరపిస్టు తలుపు పట్టుకుని నిలబడి, ప్రతి మాటకీ తల ఊపుతోంది, తన మీద తనే సాక్ష్యం చెబుతున్నట్టు.

"ఆ పిల్లే రాజీకి వస్తానందని చెప్పాడు," అన్నాడు మరిది నెమ్మదిగా. "తనంతట తనే నన్ను కలవడానికి వస్తుంది, దూరం నుంచి ఫొటోలు తియ్యి, రేపు పనికొస్తాయి అన్నాడు. అందుకే రేపు రాదని నీతో అంత ధీమాగా అన్నాను."

"ఎన్నింటికి రమ్మన్నాడు?"

"ఆరింటికి."

"ఆమెని రప్పించింది అయిదున్నరకి."

ఆ అరగంట మా ముగ్గురి మధ్యా నిలబడింది. ఆ డాక్టరొక్కడూ, ఆ పిల్ల ఒక్కతే, ఏటి గట్టు. ఆ పిల్లని బెదిరించి నోరు మూయిస్తే ఫొటో దిగుతుంది. బెదరకపోతే, ఆరింటికి వెళ్ళినవాడికి గట్టు మీద ఏడుస్తున్న పెద్దమనిషి కనిపిస్తాడు. నిద్ర లేని పిల్ల, తల్లి పోయిన రేవు, రేపటి విచారణ. నీళ్ళలోకి తనే దూకిందంటే ఎవరు కాదంటారు? నిజాయితీగా సాక్ష్యం చెప్పడానికి మా మరిది ఉంటాడు.

అతనికి కూడా అదే తట్టినట్టుంది. "నన్ను అందుకు పెట్టుకున్నాడా," అన్నాడు.

"పోలీసులకి ఫోన్ చెయ్యి. బండి ఎక్కడుంది?"

"కిందే. వదినా, వాడు ఇంకా బయల్దేరి ఉండకపోవచ్చు. గదిలోనే ఉంటే ఆపొచ్చు. నేను చేస్తే అనుమానపడతాడు." థెరపిస్టు వైపు తిరిగాడు. "అమ్మా, మీరు చెయ్యండి. ఏదో ఒకటి అడగండి. ఎక్కడున్నాడో తెలియాలి."

ఆమె నంబరు చూడకుండానే నొక్కింది. ఇన్నేళ్ళ అలవాటు. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది.

మోగింది. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"చెప్పమ్మా." గొంతు మెత్తగా, తీరిగ్గా ఉంది. ఆ గొంతుకి ఎవరైనా తమ బాధ చెప్పుకుంటారు. నాకే చెప్పాలనిపించింది.

"సార్, నమస్కారం. ఒక చిన్న సందేహం. మీరు గదిలో ఉన్నారా? వద్దామని..."

"గదిలోనే ఉన్నానమ్మా. ఇప్పుడు కాదు, రేపు రా."

నేను చెవి ఒగ్గి విన్నాను. గాలి మిషను చప్పుడు లేదు, టిక్కుమనడం లేదు. అతని మాటల వెనక చెక్క మీద నీళ్ళు తట్టుకుంటున్న చప్పుడు, దాని వెనక పడవ గొలుసు లాగినట్టు చిన్న కీచు. ఆమెకీ వినపడింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మా మరిది అప్పటికే పోలీసులకి ఫోన్ కలుపుతూ మెట్ల మీద ఉన్నాడు.

"సార్, ఒక్క నిమిషం," అంది, ఏడుపు మింగుతూ. "ఒక్క నిమిషం మాట్లాడండి సార్."

"ఉంటానమ్మా," అన్నాడు అతను. "పేషెంటు వచ్చింది."